తెడ్డు ఎవరి చేతిలో ఉంది?

"మగవాళ్ళెవరైనా వస్తున్నారా మేడం?"

కిందటి కార్తీకానికి ముందు ఒక ఆఫీసులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఎంతమంది వెళ్తున్నారు, ఎవరెవరికి ఈత వచ్చు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా, గాలి మారితే ఏ ఒడ్డుకు తిరుగుతారు, పైనుంచి నీళ్ళు వదిలితే మీకు ఎవరు చెప్తారు? వీటిలో ఒక్కటీ అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబులున్నాయి. ఆరుగురు ఆడవాళ్ళం. నలుగురికి ఈత బాగా వచ్చు, ఇద్దరు నేర్చుకుంటున్నారు. మూడు చిన్న పడవలు, ఆరు జాకెట్లు, రెండు గుడారాలు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలోకి దిగి, ఒడ్డు వెంటే గుంటుపల్లి, గొల్లపూడి దాటి, దారిలో ఒక లంక మీద రాత్రి ఉండి, తెల్లారాక భవానీపురం వైపు చేరాలని మా ఆలోచన. తెడ్డు వెయ్యడం వచ్చినవాళ్ళకి ఒక్క పూట దూరం అది. మాకు కావలసింది దూరం కాదు, ఆ రాత్రి.

కాగితం తిప్పి తిప్పి చూసి చివరికి ఆయన తేల్చిన మాట: "మీ భర్తలో, అన్నదమ్ములో ఎవరో ఒకరు సంతకం పెడితే చూద్దాం."

నాకు ముప్పై ఆరేళ్ళు. పేరుకు ముందు డాక్టర్ అని ఉంది. ఆ డాక్టర్ తెలుగు కథలో నది గురించి ఐదేళ్ళు పరిశోధన చేస్తే వచ్చింది. నది మీద ఒక రాత్రి ఉండాలంటే మాత్రం మా తమ్ముడి సంతకం కావాలి. వాడికి ఈత రాదు.

ఒక మాట ముందే చెప్పాలి. అనుమతి దొరకలేదన్నది కాదు నా పోట్లాట. కృష్ణలో ఇసుక తవ్విన గోతులున్నాయి. మోకాటిలోతు నీళ్ళలో నడుస్తున్న మనిషి మరుక్షణం మునిగిపోయే చోట్లున్నాయి. బ్యారేజీ గేట్లు ఎత్తితే నిలవ నీరు పరుగు అందుకుంటుంది. ఈ కారణాలు చెప్పి కాదంటే కూచుని మాట్లాడేదాన్ని, మరో తేదీ, మరో చోటు అడిగేదాన్ని. కానీ నది గురించి ఒక్క కారణమూ ఆయన చెప్పలేదు. చెప్పిన కారణమల్లా మేం ఆడవాళ్ళం కావడమే. దానికి పెట్టిన పేరు భద్రత.

ఈ భద్రత గురించే ఇప్పుడు మాట్లాడదలచుకున్నాను.

ఇబ్రహీంపట్నం అంటే చాలామంది హైదరాబాద్ పక్కనున్నది అనుకుంటారు. మాది విజయవాడ పక్కన, కృష్ణ ఒడ్డున ఉన్నది. 1979 నుంచి థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలే మా ఊరి గుర్తు. రేవుని ఇప్పటికీ ఫెర్రీ అనే అంటాం. ఊరి పేరులో లేకపోయినా రేవు పేరులో పడవ ఉంది. 1855లో కట్టిన ఆనకట్ట స్థానంలో 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని వెనక నిలిచిన నీళ్ళు మా ఊరి ముందు నదిలా కాక, వెడల్పాటి సరస్సులా పరుచుకుని ఉంటాయి. మధ్యలో లంకలు. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్ళు ఇక్కడే కృష్ణలో కలుస్తాయి. 2016 పుష్కరాలకు ఆ చోటుకి పవిత్ర సంగమం అని పేరు పెట్టి ఘాట్లు కట్టారు. సాయంత్రం హారతి, జనం, ఫొటోలు.

2017 నవంబర్ 12, కార్తీక మాసం, ఆదివారం. భవానీ ద్వీపం వైపు నుంచి హారతి చూడ్డానికి వస్తున్న ఒక ప్రైవేటు పడవ సంగమానికి చేరబోతూ తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు. ఆ పడవకి అనుమతి లేదు. ఎక్కినవాళ్ళకి లైఫ్ జాకెట్లు లేవు. ఆ రాత్రంతా మా వీధిలోకి అంబులెన్సుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ పడవలోని ఆడవాళ్ళని తలుచుకుంటే నాకు ఒక సంగతి మింగుడు పడదు. పెద్దలు మనకు చెప్పే జాగ్రత్తలన్నీ వాళ్ళు పాటించారు. ఒంటరిగా రాలేదు. కుటుంబాలతో, తెలిసినవాళ్ళతో వచ్చారు. వెంట మగవాళ్ళున్నారు. అర్ధరాత్రి కాదు, సాయంకాలం. సరదా అని కూడా అనలేం, పుణ్యకార్యం. పడవ నడిపేవాడు మగవాడు. అన్ని గళ్ళలోనూ టిక్కు పడింది. అయినా మునిగారు.

రెండేళ్ళు తిరక్కుండా, 2019 సెప్టెంబర్ 15న, గోదావరికి వరద ఉన్న రోజున, పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో డెబ్భై మందికి పైగా ఉంటే బతికి బయటపడింది ఇరవై ఆరుగురే. తర్వాత తనిఖీలు పెంచారు, నిబంధనలు కట్టుదిట్టం చేశారు. చెయ్యవలసిందే. కానీ ఆ నిబంధనలన్నీ పడవ గురించి, పడవ యజమాని గురించి, సరంగు గురించి. పడవలో కూచున్న మనిషికి నీళ్ళ గురించి ఏం తెలుసు, ఏం తెలియాలి అన్న ఆలోచన మనకు ఇంకా రాలేదు.

ఆడమనిషి విషయంలో అది రాకపోవడానికి కారణం ఉంది. ఆమెకి తెలియకపోవడమే మనకి మర్యాద. మా అమ్మమ్మ ఊళ్ళో మగపిల్లలు కాలవలో దూకి ఈత నేర్చుకుంటుంటే, మేం గట్టు మీద వాళ్ళ బట్టలకి కాపలా ఉండేవాళ్ళం. పెద్దమనిషి అయ్యాక గట్టు మీదికి కూడా పంపలేదు. ఒళ్ళు తడిస్తే బట్ట అంటుకుంటుంది, నలుగురూ చూస్తారు. ఆ నలుగురి చూపు నుంచి కాపాడ్డానికి మమ్మల్ని నీళ్ళ నుంచి దూరంగా ఉంచారు. మరి నీళ్ళ నుంచి కాపాడేదెవరు? 2004 డిసెంబర్ సునామీలో తమిళనాడు కడలూరు జిల్లాలో మగవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఆడవాళ్ళు చనిపోయారని మరుసటి ఏడు ఆక్స్‌ఫామ్ సంస్థ నివేదిక చెప్పింది. శ్రీలంకలో ఈత కొట్టడం, చెట్టెక్కడం మగపిల్లలకే ఎక్కువగా నేర్పడం కూడా ఒక కారణమని అదే నివేదిక రాసింది. సిగ్గు నేర్పి ఈత నేర్పకపోతే ఏమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పలేం.

ఇంకా దగ్గరి సంగతి చెప్తాను. మా పిన్ని ఇల్లు విజయవాడ సింగ్‌నగర్లో. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు ఆ ఇంట్లోకి వచ్చింది. బుడమేరు మాకు కొత్త కాదు. మా పక్క వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది. అక్కడి నుంచి డైవర్షన్ కాలవ మా ఊరి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పాత ఏరు మాత్రం విజయవాడ మీదుగా కొల్లేరుకి పోతుంది. ఆ రోజు కాలవకు గండ్లు పడ్డాయి. ఇటు బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. పిన్ని రెండు రోజులు మేడ మీద ఉండిపోయింది. మూడో రోజు ఎవరో ఒక అబ్బాయి పడవ తెచ్చి ఎక్కించుకున్నాడు. "పడవ ఎటు పోతోందో తెలీదే. ఏ పక్క కూచోవాలో తెలీదు. వాడు కదలొద్దంటే ఊపిరి బిగబట్టుకుని కూచున్నాను" అంది. అరవై రెండేళ్ళ మనిషి. కృష్ణ ఒడ్డున పుట్టి, కృష్ణ ఒడ్డున పెళ్ళి చేసుకుని, రోజూ కృష్ణ నీళ్ళే తాగింది. పడవలో ఎలా కూచోవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మనం సరస్సుకి వెళ్ళకపోయినా సరస్సు మన ఇంటికి వస్తుంది. డెల్టాలో బతుకు అంటే అది. ఇక్కడ ఆడపిల్లకి నీళ్ళు నేర్పకపోవడం, రోడ్డు పక్క ఇంట్లో పెరిగే పిల్లకి రోడ్డు దాటడం నేర్పకపోవడం లాంటిదే. నది మీద మనల్ని ఎప్పుడూ ప్రయాణికులుగానే ఉంచారు. ప్రయాణికురాలిగా మాత్రమే ఉండడం మనకున్న పెద్ద ప్రమాదమని నేనంటున్నాను. పడవలో ఎంత బరువు పడుతుందో, ఎప్పుడు ఎక్కకూడదో తెలిసిన మనిషి ఎక్కే ముందే ఎదురు అడుగుతుంది. "జాకెట్ ఏది?" అంటుంది. "ఇంతమందిని ఎక్కిస్తే నేను దిగిపోతాను" అంటుంది. అడగడానికి ధైర్యం ఒక్కటే చాలదు, తెలిసి ఉండాలి.

ఇక మన రంగానికి, సాహిత్యానికి వస్తాను. నా పరిశోధనలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఇది. మన సాహిత్యంలో తెడ్డు పట్టిన స్త్రీ ఎవరు? అందరికీ తెలిసిన పేరు ఒకటే, మత్స్యగంధి. యమున మీద తండ్రి కోసం, ధర్మానికి పడవ నడిపింది. ఆ రేవు, ఆ ప్రవాహం, ఏ వేళకి ఎటు తొయ్యాలో ఆమెకి తెలుసు. పరాశరుడు ఎక్కింది ఆమె పడవ. ఒడ్డున జనం చూస్తారని, తండ్రి ఏమంటాడోనని ఆమె అంటే, ఆయన మంచు కప్పించాడు. యమున మధ్య దీవిలో వ్యాసుడు పుట్టాడు. ద్వైపాయనుడన్న పేరుకి అర్థం అదే. మహాభారతం చెప్పినవాడు ఒక పడవ నడిపే అమ్మాయికి లంక మీద పుట్టాడని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ ఏం చెప్పుకుంటాం? ఆమె ఒంటి చేపల కంపు పోయి సుగంధం వచ్చిందని చెప్పుకుంటాం. పనిచేసే ఒంటి వాసన పోవడం ఆమెకి వరం అయింది. పెళ్ళయ్యాక ఆమె మళ్ళీ తెడ్డు పట్టిన జాడ లేదు. రాణి అయింది. నీళ్ళు తెలిసిన ఒక్క స్త్రీని కూడా, ఆమె పడవలో ఒక మగవాడు చేసిన పనితోనే గుర్తుపెట్టుకున్నాం.

ఆధునిక కథకి వస్తే పాలగుమ్మి పద్మరాజు గారి "పడవ ప్రయాణం" నాకు చాలా ఇష్టమైన కథ. అందులో రంగి మరపురాని మనిషి. కానీ చూడండి, దొంగతనం చేసి పద్దాలు పడవ దిగిపోతాడు, జవాబు చెప్పుకోడానికి రంగి పడవలో మిగులుతుంది. ఆ రాత్రి నది ఆమెది కాదు, వాడి కోసం ఎదురుచూసే చోటు. చలం 1927లో "మైదానం"లో రాజేశ్వరిని ఇంటి కప్పు కింద నుంచి బయటికి తెచ్చి, ఏటి పక్క ఆరుబయట పెట్టాడు. అంత తెగువ చేసిన రచయిత కూడా ఆమెని ఒక మగవాడి వెంటే అక్కడికి పంపాడు. ఆరుబయలు తనకే కావాలనిపించి, తనంతట తను వెళ్ళిన స్త్రీ నా పరిశోధనలో నాకు దొరకలేదు. మా కొండపల్లి బొమ్మల్లో కూడా అంతే. దంచే ఆడబొమ్మ, చిలికే ఆడబొమ్మ, కడవ ఎత్తుకున్న ఆడబొమ్మ దొరుకుతాయి. తాడి ఎక్కేవాడు మగబొమ్మ. పడవ తోసే ఆడబొమ్మని నేను ఇంతవరకు చూడలేదు.

ఇదంతా ఈ మధ్య ఒక రచయిత్రుల సమావేశంలో చెప్తే, నేను ఎంతో గౌరవించే ఒక పెద్దావిడ అన్నారు: "అమ్మాయ్, ఇది తీరిక ఉన్నవాళ్ళ సరదా. కట్నం చావులున్నాయి, కూలి తేడాలున్నాయి. ముందు వాటి సంగతి చూద్దాం."

ఈ 'ముందు' అన్న మాట మీద నాకు కోపం ఉంది. ఇంట్లో కూడా ఇదే మాట వింటాం. ముందు పిల్లల చదువు, ముందు అత్తగారి ఆపరేషన్, ముందు వంట. మన వంతు వచ్చేటప్పటికి మోకాళ్ళ నొప్పులు వస్తాయి. మగవాళ్ళ ఉద్యమాలేవీ వాళ్ళ తీరికని వాయిదా వేసుకోలేదు. రాత్రంతా నది ఒడ్డున కూచుని విప్లవం గురించి మాట్లాడుకున్నవాళ్ళ జ్ఞాపకాలు మనం ఎన్ని చదవలేదు! ఆ రాత్రుళ్ళు ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకున్నారో వాటిలో ఉండదు. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే రాసిన "వై లాయిటర్?" ముంబయి వీధుల గురించి ఒక మాట గట్టిగా చెప్పింది. స్త్రీలకి పని ఉంటేనే బయట ఉండే హక్కు కాదు, ఊరికే ఉండే హక్కు కావాలి, ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు కూడా కావాలి అని. వీధికి చెల్లే మాట నదికి చెల్లదా? మనం నీళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఎప్పుడూ ఒక పని చూపించాలి. కడవ నింపుకోవాలి, బట్టలుతకాలి, దీపం వదలాలి. ఊరికే తెడ్డు వేసుకుంటూ పోతానంటే మాత్రం నోళ్ళు లేస్తాయి.

కానీ ఆ పెద్దావిడ మాటలో నేను కొట్టిపారేయలేని భాగం ఒకటి ఉంది. అది నాకు అర్థమైంది కొల్లేరులో.

మిన్నియాపొలిస్‌లో ఉన్న నా పీజీ స్నేహితురాలు ప్రతి ఎండాకాలం కెనడా సరిహద్దున ఉన్న బౌండరీ వాటర్స్‌కి కెనూలు వేసుకుని వెళ్తుంది. పది లక్షల ఎకరాల పైన అడవి, వెయ్యికి పైగా సరస్సులు. ఒక సరస్సు దాటి, కెనూ భుజాన ఎత్తుకుని కాలిబాటన నడిచి, ఇంకో సరస్సులో దింపాలి. రాత్రి ఒడ్డున గుడారం. ఒక జట్టుకి తొమ్మిది మంది, నాలుగు పడవలు మించకూడదు. 1978 చట్టం ఎక్కువ సరస్సుల్లో మోటారు పడవల్ని ఆపేసింది. అక్కడ ఒక దీవి మీద డొరొతీ మోల్టర్ అనే నర్సు దశాబ్దాల పాటు ఒంటరిగా బతికి 1986లో చనిపోయిందని, దారినపోయే పడవల వాళ్ళకి ఆమె ఇంట్లో తయారుచేసిన రూట్ బీర్ పోసేదని నా స్నేహితురాలు ఫోన్లో చెప్తుంటే నాకు అసూయ కలిగింది. అంతకంటే ఎక్కువ అసూయ కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. గుడారం వేసే ప్రతి చోటా పొయ్యి, కాస్త లోపలికి అడవిలో ఒక మరుగుదొడ్డి ఉంటాయట. నవ్వకండి. మన నదుల మీద ఆడవాళ్ళు ఎందుకు లేరని పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పే ముందు ఈ ఒక్కటి చూడండి. నీళ్ళు తాగకుండా, కడుపు బిగబట్టుకుని ఎంతసేపు విహరించగలం?

ఆ మోజులో నేను కూడా జనం లేని సరస్సు కోసం కొల్లేరు వెళ్ళాను. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో చేపల చెరువులు కొట్టేశారు, తర్వాత అవి మళ్ళీ లేచాయి. జనం లేకపోవడమేమిటి, లంక గ్రామాల నిండా జనం. అభయారణ్యంలో గుడారం వెయ్యకూడదు గనక ఒక లంకలో తెలిసినవాళ్ళ ఇంటి డాబా మీద పడుకున్నాం. తెల్లారి ఆ ఇంటి పక్క ఆవిడ దోనెలో గడ్డికి బయల్దేరింది. తాటి మొద్దు తొలిచి చేసిన దోనె. ఇంగ్లీషులో కెనూ అని నేను ముచ్చటపడుతున్నది, మనవాళ్ళు తరతరాలుగా తాటి దోనె అంటున్నది ఒకటేనని నాకు అప్పుడు తట్టింది. నేనూ వస్తానన్నాను. నిలబడి గెడ వెయ్యడం ఆవిడే నేర్పింది.

"నీళ్ళకేసి చూడకమ్మా, పోవాల్సినకాడికి చూడు. గెడ బురదలో దిగడిపోతే గెడ వదిలెయ్యి, దోనె వదలమాక. గెడ పట్టుకుని వేలాడితే దోనె కాళ్ళ కిందనించి పోద్ది."

నేను రెండుసార్లు పడ్డాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. గుర్రపుడెక్క ఎక్కడ దట్టంగా ఉంది, కిక్కిస పొదల మధ్య దారి ఏది, ఏ వేళకి గాలి లేస్తుంది, ఇవన్నీ ఆవిడకి నా ఊరి సందుల్లా తెలుసు. "ఎప్పుడైనా ఊరికే, పని లేకుండా ఇలా వచ్చారా?" అని అడిగాను. కాసేపు గెడ ఆపింది. "పని లేకుండా ఎందుకొస్తానమ్మా? మోకాళ్ళు అరిగిపోయినై" అంది. కొంచెం ఆగి, "వెన్నెల రాత్రి బాగుంటదంటారు. మావాళ్ళు పోతారు వలకి. నేనెప్పుడూ పోలా" అంది.

ఇక్కడ ఇద్దరం ఉన్నాం. పడవ తెలియకుండా విహారం కోరుకునే నేను, పడవ అంతా తెలిసి విహారం ఎరగని ఆవిడ. నేను పడవెక్కితే సాహసం, పత్రికలో వ్యాసం. ఆవిడ ఎక్కితే రోజు కూలి. ఈ తేడా కులానిది, వర్గానిది. దీన్ని దాచిపెట్టి 'స్త్రీలందరం' అంటే అబద్ధమే. నా స్నేహితురాలు వెళ్ళే ఆ 'నిర్జన' అరణ్యం కూడా ఒజిబ్వే ప్రజల నేల. అక్కడి నీళ్ళలో పండే అడవి ధాన్యాన్ని బిర్చ్ బెరడు పడవల్లో కూచుని కోసింది ఎక్కువగా వాళ్ళ ఆడవాళ్ళే. వాళ్ళ పడవ, వాళ్ళ దారులు తీసుకుని, అక్కడ మనుషులే లేనట్టు పటాలు గీశారు. రేపు మన లంకల మీద రిసార్టులు కట్టి, కయాకింగ్ అని బోర్డు పెట్టి, జాలరి ఆడవాళ్ళని గదులు ఊడ్చే పనికి పెట్టుకుంటే మనం చప్పట్లు కొడదామా? వాళ్ళకి తెలిసిన దారుల్ని టికెట్టు పెట్టి మనకి అమ్ముతారు. అలా దొరికే తెడ్డు నాకు వద్దు.

కానీ ఆవిడకి లేదు గనక నాకూ వద్దు అని ఇంటికి వచ్చి కూచోవడం పరిష్కారమా? దానివల్ల ఆవిడకి వెన్నెల రాదు, నాకు ఈత రాదు. పెద్దావిడ మాటకి నా జవాబు ఇదే. తీరిక కొందరికే ఉండడం అన్యాయమైతే, దాన్ని అందరికీ అడగాలి. ఎనిమిది గంటల పని దినం కోసం పోరాడినవాళ్ళు మిగతా గంటలు దేనికని అడిగారు? విశ్రాంతికి, తమ ఇష్టానికి. ఆ కోరిక కోరడానికి కార్మికుడికి లేని సిగ్గు మనకెందుకు?

అందుకని నేను అడుగుతున్నవి చిన్నవే. నది, కాలవ, చెరువు ఉన్న ప్రతి ఊళ్ళో ఆడపిల్లలకి బడిలోనే ఈత నేర్పాలి. వాళ్ళకి నచ్చిన బట్టలతో, ఆడవాళ్ళే నేర్పేలా. ఘాట్ల మీద, లంకల మీద, పడవ రేవుల దగ్గర తాళం వెయ్యని మరుగుదొడ్లు కావాలి. ఎన్ని నీళ్ళు వదులుతున్నారో, ఎక్కడ గోతులున్నాయో రోజూ తెలుగులో బోర్డు మీద రాయాలి. నీళ్ళు తెలిసిన జాలరి ఆడవాళ్ళకి పడవ లైసెన్సు, శిక్షకురాలి జీతం వాళ్ళ పేరు మీదే ఇవ్వాలి. భర్త పేరు మీద కాదు. అర్జీలో 'వెంట వచ్చే మగవాళ్ళు' అన్న ప్రశ్న తీసేసి 'ఈత వచ్చినవాళ్ళు ఎందరు' అన్న ప్రశ్న పెట్టాలి. అది మగవాళ్ళ జట్లని కూడా అడగాలి.

మనల్ని మనం అడుక్కోవలసినవీ ఉన్నాయి. నది గురించి కవిత రాసిన మనలో ఎంతమంది ఆ నదిలోకి నడుము దాకా దిగాం? స్త్రీని నదితో పోల్చడం ఎంతకాలంగానో చేస్తున్నాం. ఆ పోలిక నాకు విసుగు పుట్టింది. నేను నదిని కాను. నదిని దాటవలసిన మనిషిని, దాని మీద ఒక రాత్రి పడుకోవాలని ఉన్న మనిషిని.

కిందటి కార్తీకంలో మా రాత్రి జరగలేదు. తమ్ముడి చేత సంతకం పెట్టించలేదు, పెట్టించను. బదులుగా ఆదివారం పొద్దున్నే, గాలి లేవకముందే, ఒడ్డుకి దగ్గరగా తెడ్డు వెయ్యడం మొదలుపెట్టాం. ఆరుగురం ఇప్పుడు తొమ్మిది మంది అయ్యాం. నాలుగో ఆదివారం పిన్ని వచ్చింది. చీర మీదే జాకెట్ బిగించుకుని ముందు కూచుంది. కాసేపు పడవ అంచు రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయింది. తర్వాత, "ఏదీ, ఆ చెక్క ఇలా ఇవ్వు" అని తెడ్డు లాక్కుంది. అడ్డదిడ్డంగా వేస్తే పడవ గిర్రున తిరిగింది. దూరంగా థర్మల్ గొట్టాలు ఒకసారి ఎడమవైపుకి, ఒకసారి కుడివైపుకి వచ్చాయి. "ఇది నా మాట వింటోందే!" అంది పిన్ని. అరవై రెండేళ్ళకి.

వచ్చే కార్తీకానికి మళ్ళీ అర్జీ పెడుతున్నాం. ఈసారి తొమ్మిది సంతకాలు, అన్నీ మావే. ఇది చదివే మీలో రావాలనిపించినవాళ్ళు రండి. ఈత రాకపోయినా రండి, ముందు అదే నేర్చుకుందాం. కొల్లేరు ఆవిడకి కూడా కబురు పంపాను, నేర్పడానికి రమ్మని. ఒకరోజు కూలి కంటే ఎక్కువే ఇస్తామన్నాను. వెన్నెల ఉన్న రోజే పెట్టమని అడిగింది.